ఎద్దు లాగినంతే బండీ లాగితే, బండి కదిలేదెట్ల?

హన్మకొండ_అమ్మ

మా పాప 9వ తరగతి. న్యూటన్ గమన నియమాల పాఠం నడుస్తోంది. మూడో నియమం చెప్పిన రోజు క్లాసులో లేచి అడిగిందట: "ఎద్దు బండిని ఎంత బలంతో లాగితే బండి కూడా ఎద్దును అంతే బలంతో వెనక్కి లాగుతుంది అన్నారు కదా సర్, రెండూ సమానమైతే మరి బండి ఎట్ల కదులుతుంది?" సార్ చెప్పిన జవాబు నోట్సులో ఉంది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నా: "బండి కదలాలంటే ఎద్దు బలం బండి బలం కన్నా కొంచెం ఎక్కువ ఉండాలి." దాని పై లైన్లోనే "చర్య, ప్రతిచర్య ఎల్లప్పుడూ సమానం" అని ఉంది. రెండు లైన్ల కిందా ఎర్ర స్కెచ్‌తో గీత కొట్టి, ఏది నమ్మాలమ్మా అని నా ప్రాణం తీస్తోంది.

నేను చదివింది బీకాం. డెబిట్, క్రెడిట్ సమానం ఎందుకు కావాలో చెప్పమంటే చెప్తా, ఇది నా వల్ల కాలేదు. వీడియోల్లో చూస్తే అందరూ రాకెట్టే చూపిస్తున్నారు, బండి జోలికి ఎవరూ పోవట్లేదు. ట్యూషన్ పెట్టించమని మాత్రం చెప్పకండి. "ఇది పరీక్షకు రాదు" అన్నది ట్యూషన్ సారే.

పరకాల_పత్తి

ఇందులో ఏముంది అక్కా. ఎద్దుకు బలం ఎక్కువ, బండికి తక్కువ. అందుకే ఎద్దు బండిని లాగుతది, బండి ఎద్దును లాగదు.

జీరో_మార్కులు

పరకాల అన్నా, ఒక్క లైన్లో మూడో నియమాన్ని రద్దు చేసినవ్ పో.

ములుగు_సైన్స్

ప్రభుత్వ హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్తాను. ఈ ప్రశ్న అడిగే పిల్ల క్లాసుకు ఒకరు దొరకడమే కష్టం, ముందు పాపను మెచ్చుకోండి. నోట్సులో రెండో లైను తప్పు. ఎద్దు బలం ఆవగింజంత కూడా ఎక్కువ ఉండదు. బండి ఆగి ఉన్నా, అప్పుడే కదులుతున్నా, పరుగెత్తుతున్నా ఆ రెండు బలాలూ ప్రతి క్షణం సమానమే.

చిక్కు ఇంకోచోట ఉంది. ఆ రెండు బలాలు ఒకే వస్తువు మీద లేవు. ఒకటి బండి మీద పడుతోంది, రెండోది ఎద్దు మీద పడుతోంది. ఒకదాన్ని ఒకటి కొట్టేసుకోవాలంటే రెండూ ఒకే వస్తువు మీద ఉండాలి కదా.

పాపకు తెల్లకాగితం ఇచ్చి బండిని ఒక్కదాన్నే గీయమనండి. ఎద్దు వద్దు, రోడ్డు వద్దు. ఇప్పుడు బండిని ఎవరెవరు ఎటు లాగుతున్నారో బాణాలు పెట్టమనండి. ముందుకు ఎద్దు లాగుతోంది. వెనక్కి ఇరుసు దగ్గర, చక్రాల దగ్గర ఉన్న ఘర్షణ లాగుతోంది. ముందు బాణం పెద్దదైతే బండికి త్వరణం వస్తుంది, అంటే వేగం మారుతుంది. బండి ఎద్దు మీద చూపే బలానికి ఈ కాగితంలో చోటే లేదు, అది బండి మీద లేదు కాబట్టి.

ఇంకో కాగితం మీద ఎద్దును ఒక్కదాన్నే గీయాలి. వెనక్కి బండి లాగుతోంది. మరి ముందుకు ఎవరు తోస్తున్నారు? ఇక్కడే పిల్లలు ఆగిపోతారు. "ఎద్దే తనను తాను తోసుకుంటుంది" అంటారు. కాదు. ఎద్దు గిట్టలతో నేలను వెనక్కి తంతుంది, నేల ఎద్దును ముందుకు తోస్తుంది. నేల తోపు బండి లాగుడు కన్నా ఎక్కువైతే ఎద్దు కదులుతుంది.

హన్మకొండ_అమ్మ

బండి బొమ్మ వరకు అర్థమైంది. నేల ఎద్దును తోయడం ఏంటి సార్? నేల ఊరికే పడి ఉంటుంది కదా.

నర్సంపేట_మక్క

నేల తోయకపోతే ఏమైతదో నాట్ల టైంలో మా ఊరికి వచ్చి చూడు అక్కా. బురదలో ట్రాక్టర్ దిగబడితే ఇంజిన్‌కు బలం తక్కువై కాదు. ఇంజిన్ మస్తుగా తిప్పుతది, చక్రం గిర్రున తిరుగుతది, బండి జానెడు జరగదు. బురద వెనక్కి పోతది, పట్టు ఉండదు. ఇనుప పట్టీల కేజ్‌వీల్స్ వేసేది ఎందుకు మరి? లేకుంటే చక్రం కింద కంప, రాళ్లు, గోనెసంచులు కుక్కుతం. ఇంజిన్ అదే, డీజిల్ అదే, కింద తోసేటోడు దొరికిండు, బండి బయటికొచ్చింది.

ములుగు_సైన్స్

నేను రెండు పేరాలు రాసినదాన్ని నర్సంపేట గారు గోనెసంచితో చెప్పేశారు.

ఇంటర్_మాస్టారు

అనవసరంగా పెద్దది చేస్తున్నారు. పిల్లలకు మూడో నియమం చెప్పడానికి టేబుల్ మీద పుస్తకం చాలు. పుస్తకం బరువు కిందికి, అది చర్య. టేబుల్ పైకి తోసే అభిలంబ బలం, అది ప్రతిచర్య. రెండూ సమానం, పుస్తకం కదలదు. అయిపోయింది. ఏళ్ల తరబడి ఇట్లనే చెప్తున్నా, మా పిల్లలకు మంచి ర్యాంకులే వస్తున్నాయి.

రాత్రి_షిఫ్ట్

మాస్టారూ, ములుగు సార్ ఇప్పుడే చెప్పారు కదా, జత బలాలు రెండు వేర్వేరు వస్తువుల మీద ఉంటాయని. మీరు చెప్పిన రెండూ పుస్తకం మీదే ఉన్నాయి. అవి జత ఎట్ల అవుతాయి?

ఇంటర్_మాస్టారు

సమానం, వ్యతిరేకం. ఇంకేం కావాలి?

ములుగు_సైన్స్

ఇంకొకటి కావాలి సార్. 'అ' అనే వస్తువు 'ఆ' మీద బలం చూపితే, 'ఆ' తిరిగి 'అ' మీద చూపాలి. పుస్తకం బరువు అంటే భూమి పుస్తకాన్ని లాగడం. దాని జత, పుస్తకం భూమిని పైకి లాగడం. టేబుల్ పుస్తకాన్ని పైకి తోస్తుంది. దాని జత, పుస్తకం టేబుల్‌ను కిందికి నొక్కడం. మొత్తం రెండు జతలు, నాలుగు బలాలు. బరువు, అభిలంబ బలం సమానంగా ఉన్నది మూడో నియమం వల్ల కాదు. పుస్తకానికి త్వరణం లేదు కాబట్టి దాని మీద ఫలిత బలం సున్నా కావాలి, అందుకని.

నమ్మకం కుదరకపోతే పుస్తకం మీద అరచేయి పెట్టి నొక్కండి. పుస్తకం బరువు మారలేదు, అభిలంబ బలం పెరిగింది. రెండూ నిజంగా చర్య, ప్రతిచర్యలే అయితే నొక్కినా సమానంగానే ఉండాలి కదా.

ఇంటర్_మాస్టారు

ఎప్‌సెట్‌లో (పాత ఎంసెట్) నాలుగు ఆప్షన్లు చూసి టిక్ పెట్టాలి. అక్కడ అరచేయి పెట్టి నొక్కే టైం ఉండదు.

జీరో_మార్కులు

ఆప్షన్లలో రెండూ ఉంటే మాస్టారూ?

కాజీపేట_గూడ్స్

గూడ్స్ బండ్ల మీద అసిస్టెంట్ లోకో పైలట్‌ని. "నేల తోస్తుంది" అనేది మాకు పాఠం కాదు, రోజువారీ డ్యూటీ.

డబ్ల్యూఏజీ-9 అనే కరెంటు ఇంజిన్ తీసుకోండి. బరువు 123 టన్నులు. బయలుదేరేటప్పుడు గరిష్ఠంగా 460 కిలోన్యూటన్ల లాగుడు ఇస్తుంది. ఆ లాగుడు అంతా వచ్చేది ఆరు యాక్సిళ్ల కింద ఉన్న పన్నెండు చక్రాలు పట్టాను తాకే చోటు నుంచి. ఒక్కో చక్రం తాకే మేర రూపాయి బిళ్లంత కూడా ఉండదు. 123 టన్నుల ఇంజిన్ పట్టా మీద మోపే భారం సుమారు 1,205 కిలోన్యూటన్లు. అందులో 460 అంటే 38 శాతం. చక్రానికి, పట్టాకు మధ్య ఘర్షణ గుణకం 0.38 అయినా లేకపోతే ఆ బలం కాగితం మీదే ఉంటుంది.

పొడి పట్టా మీద బాధ లేదు. సన్నటి తుంపర పడిందా, టెన్షన్ మొదలు. పెద్ద వాన అయితే పట్టాను కడిగేస్తుంది. తుంపర మాత్రం పట్టా మీది దుమ్ముతో, నూనె మరకలతో కలిసి జిగురు పూత పూసిపెడుతుంది. మోటార్లలో ఎంత బలం ఉన్నా చక్రాలు ఉన్నచోటే తిరుగుతాయి. అప్పుడు ఇసుక వదులుతాం. ఇంజిన్‌లోనే ఇసుక పెట్టెలు ఉంటాయి, పైపులోంచి గాలి ఒత్తిడితో సరిగ్గా చక్రం ముందు పట్టా మీద పడుతుంది. ఇసుక తడిస్తే గడ్డ కట్టి పైపు మూసుకుపోతుంది కాబట్టి పొడి ఇసుకే నింపాలి. కోట్ల రూపాయల ఇంజిన్, చివరికి పిడికెడు ఇసుక మీద ఆధారం.

ఇంజిన్‌కు, మొదటి వ్యాగన్‌కు మధ్య కప్లింగ్ దగ్గర చూస్తే పాప అడిగిందే. ఇంజిన్ ముందుకు ఎంత లాగితే వ్యాగన్లు వెనక్కి అంతే లాగుతాయి. రైలు కదిలేది మాత్రం పట్టా పుణ్యం.

రాత్రి_షిఫ్ట్

లెక్క కూడా వేసేద్దాం. 58 వ్యాగన్ల లోడు బొగ్గు రేక్ దాదాపు 4,700 టన్నులు. ఇంజిన్‌తో కలిపితే 4,800 పైన. 460 కిలోన్యూటన్లను దానితో భాగిస్తే త్వరణం 0.095. అంటే మిగతా నిరోధాలన్నీ మరిచిపోయినా, సెకను సెకనుకు వేగం పది సెంటీమీటర్లు కూడా పెరగదు. గంటకు 36 కిలోమీటర్లు అందుకోవడానికి వంద సెకన్ల పైనే కావాలి. గేటు దగ్గర గూడ్స్ బండి బయలుదేరడం చూస్తూ తిట్టుకునేవాళ్లు ఇది రెండో నియమం (బలాన్ని ద్రవ్యరాశితో భాగిస్తే త్వరణం) అని గుర్తుపెట్టుకోండి.

జీరో_మార్కులు

కాజీపేట అన్నా, కొన్నిసార్లు బయలుదేరే ముందు కొంచెం వెనక్కి తోస్తరు కదా, అది దేనికి? మా చిన్నప్పుడు డ్రైవర్‌కు దారి గుర్తురాలేదని అనుకునేవాళ్లం.

కాజీపేట_గూడ్స్

దారి గుర్తురాకపోతే పట్టా ఉంది కదా తమ్ముడూ. వెనక్కి తోస్తే కప్లింగులు వదులవుతాయి. తర్వాత ముందుకు లాగితే మొదటి వ్యాగన్, దాని వెనక రెండోది, ఇట్లా ఒకదాని తర్వాత ఒకటి కదులుతాయి. నిలబడి ఉన్న మొత్తం రేక్‌ను ఒకేసారి కదిలించే పని తప్పుతుంది. అట్లని ఇష్టమొచ్చినట్టు చేయం, కుదుపు ఎక్కువైతే కప్లింగ్ తెగి ఇంకో తలనొప్పి.

మానేరు_గట్టు

బండి సంగతి సరే. మా వాడిది 8వ తరగతి, వాడు ఇంకో రకం. బంతిని పైకి విసిరితే "చేతి బలం పైకి, భూమి బలం కిందికి, పైన ఆగినప్పుడు రెండూ సమానం" అని బొమ్మ గీశాడు. నాకు కూడా అదే కరెక్ట్ అనిపిస్తోంది. టీచర్ అడ్డంగా కొట్టేసింది, ఎందుకో చెప్పలేదు.

ములుగు_సైన్స్

బంతి చేయి వదిలిన క్షణమే చేతి బలం అయిపోయింది. చేతికి తగలని బంతిని చేయి ఎట్ల తోస్తుంది? గాలిని పక్కన పెడితే, పైకి పోతున్నప్పుడు, పైన ఆగినప్పుడు, కిందికి వస్తున్నప్పుడు బంతి మీద ఉన్నది ఒక్కటే బలం, బరువు. అదీ కిందికే. పైకి పోతున్నది వేగం. మీ వాడు వేగాన్ని బలం అనుకుని బాణం గీశాడు.

సెకనుకు 19.6 మీటర్ల వేగంతో పైకి విసిరితే ఒక సెకను అయ్యాక వేగం 9.8. రెండో సెకను చివర సున్నా. మూడో సెకను చివర 9.8, ఈసారి కిందికి. ప్రతి సెకనుకు 9.8 చొప్పున మారుతూనే ఉంది, మధ్యలో ఎక్కడా తెరిపి లేదు.

మానేరు_గట్టు

పైన ఆగింది కదా సార్, అక్కడన్నా త్వరణం సున్నా కావాలి కదా.

జీరో_మార్కులు

వేగం సున్నా, త్వరణం కూడా సున్నా అయితే బంతి అక్కడే ఉండిపోవాలి అన్నా. మా గల్లీ ఆకాశం నిండా క్రికెట్ బంతులు వేలాడుతుండేవి, మేడ మీది ఆంటీతో గొడవ ఉండేది కాదు.

రాత్రి_షిఫ్ట్

మానేరు గారి అబ్బాయిని తిట్టకండి. కదలాలంటే తోసేవాడు ఉండాలని అరిస్టాటిల్ అన్నాడు, ఆ మాట దాదాపు రెండు వేల ఏళ్లు నడిచింది. విసిరిన వస్తువులోకి ఏదో ఒక ఊపు ఎక్కుతుందని, అదే దాన్ని తీసుకెళ్తుందని 14వ శతాబ్దంలో పారిస్‌లో బురిడాన్ రాశాడు. మీ వాడి బొమ్మ దానికి చాలా దగ్గర. తర్వాత గెలీలియో వాలుబల్లల మీద గోలీలు దొర్లించి, ఆపేది లేకపోతే కదిలేది కదులుతూనే ఉంటుందని తేల్చాడు. కదలిక కొనసాగడానికి బలం అక్కర్లేదు, కదలిక మారడానికే బలం కావాలి. పిల్లాడు రెండు వేల ఏళ్ల చరిత్రను ఒక్క పీరియడ్‌లో దాటాలంటే కష్టమే కదా.

ఇంకోటి. హన్మకొండ గారి పాప అడిగిన ప్రశ్నకు మూలం న్యూటన్ దగ్గరే ఉంది. 1687లో వచ్చిన ప్రిన్సిపియాలో మూడో నియమం కింద ఆయన ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి గుర్రం. తాడుతో కట్టిన రాయిని గుర్రం లాగితే, గుర్రం కూడా రాయి వైపు అంతే బలంతో లాగబడుతుంది అంటాడు. రాకెట్ మనవాళ్లు తర్వాత తెచ్చుకున్నది.

హన్మకొండ_అమ్మ

ఇది పాపకు చదివి వినిపించా. "న్యూటన్ నా పార్టీ" అంటోంది.

పరకాల_పత్తి

సరే, ఎద్దు సంగతి ఒప్పుకుంటలేను, ఒప్పుకోనంటలేను. ఇంకో మాట చెప్పండి. బరువైనది, తేలికైనది ఒకేసారి పడతయి అంటరు కదా. పత్తి, రాయి మేడ మీదికెల్లి వదిలితే రాయే ముందు పడతది. నేను కండ్లారా చూసిన.

ములుగు_సైన్స్

మీరు చూసింది నిజమే, అది గాలి పని. అదే పత్తిని నీళ్లలో తడిపి గట్టిగా ముద్ద చేసి వదలండి, దాదాపు రాయితో పాటే పడుతుంది. రాయి మీద భూమి లాగుడు ఎక్కువే, కానీ దాన్ని కదిలించడానికి కావలసిన బలం కూడా అదే లెక్కన ఎక్కువ. భాగిస్తే ఎవరికైనా 9.8 వస్తుంది. చంద్రుడి మీద గాలి లేదు. 1971లో అపోలో 15 వ్యోమగామి డేవిడ్ స్కాట్ అక్కడ నిలబడి సుత్తిని, డేగ ఈకను ఒకేసారి వదిలాడు. రెండూ కలిసే పడ్డాయి. వీడియో దొరుకుతుంది, పిల్లలకు తప్పకుండా చూపించండి.

పరకాల_పత్తి

పత్తిని తడపాలా! మార్కెట్‌కు పోతే తేమ అని రేటు కోస్తరు సారూ, ప్రయోగం ఖర్చు ఎవరు పెట్టుకుంటరు.

పీఈటీ_జనగామ

టగ్ ఆఫ్ వార్ గురించి ఎవరూ రాయలేదేంటి? తాడుకు రెండు వైపులా లాగుడు ఒక్కటే, తాడు బరువు లెక్కలోకి తీసుకోకపోతే. గెలిచే జట్టు తాడును ఎక్కువ లాగదు, నేలను ఎక్కువ తంతుంది. అందుకే నేను పిల్లలకు చేతుల కన్నా ముందు కాళ్లు నేర్పుతా. మడమలు దిగ్గొట్టు, నడుము కిందికి దించు, వెనక్కి వాలు. ఒకసారి సరదాకి పెద్ద పిల్లలను సాక్సులతో గ్రానైట్ బండల వరండాలో, చిన్న పిల్లలను ఉత్త కాళ్లతో మట్టిలో నిలబెట్టి లాగించా. పదో తరగతి వాళ్లు జారుకుంటూ ఏడో తరగతి వాళ్ల దగ్గరికి వచ్చేశారు. ఆ రోజు సైన్స్ సార్ పీరియడ్ కూడా నాకే ఇచ్చేశాడు.

నర్సంపేట_మక్క

ఇది అదిరింది.

రాత్రి_షిఫ్ట్

అందరూ మూడో నియమం ఒప్పుకున్నట్టే ఉన్నారు కదా, ఇది చెప్పండి. లారీ, ఆటో ఎదురెదురుగా గుద్దుకున్నాయి. ఎవరు ఎవరి మీద ఎక్కువ బలం చూపారు?

మానేరు_గట్టు

లారీయే. ఇందులో డౌటేముంది?

కాజీపేట_గూడ్స్

సమానం.

మానేరు_గట్టు

ఆటో నుజ్జు అయింది, లారీకి బంపర్ సొట్ట. సమానం ఎట్లన్నా?

రాత్రి_షిఫ్ట్

బలం సమానం, ఫలితం సమానం కాదు. లారీ 20 టన్నులు, ఆటో అర టన్ను అనుకోండి. అదే బలానికి ఆటోకు వచ్చే త్వరణం లారీకి వచ్చేదానికి 40 రెట్లు. లారీ డ్రైవర్‌కు చిన్న కుదుపు, ఆటోలో ఉన్నవాళ్లు ఒక్క క్షణంలో ముందుకు పోతున్నవాళ్లు వెనక్కి తిరిగిపోయారు. పైగా లారీ ముందు భాగం ఇనుప ఛాసిస్, ఆటోది రేకు. దెబ్బ చూసి బలం కొలవకూడదు, ఎద్దు విషయంలో జరిగే పొరపాటు కూడా ఇదే. బండి కదిలింది, ఎద్దు గెలిచింది, కాబట్టి ఎద్దు బలం ఎక్కువ అనుకుంటాం.

ఇంటర్_మాస్టారు

ఇది మాత్రం మంచి ఉదాహరణ. మా క్లాసులో వాడుకుంటా.

హన్మకొండ_అమ్మ

పాప కొత్త ప్రశ్న. ఎద్దు నేలను వెనక్కి తంతే మరి భూమి వెనక్కి పోవాలి కదా అంటోంది. నేనేమో నవ్వేశాను, అలిగింది.

ములుగు_సైన్స్

అలగడం న్యాయమే, అది మంచి ప్రశ్న. జవాబు, పోతుంది. ఎంత పోతుందో చూద్దాం. 60 కిలోల మనిషి గోడ మీది నుంచి దూకితే భూమి అతన్ని 588 న్యూటన్లతో లాగుతుంది, అతను భూమిని అంతే బలంతో పైకి లాగుతాడు. భూమి ద్రవ్యరాశి రాయాలంటే 6 పక్కన 24 సున్నాలు పెట్టాలి, కిలోల్లో. భాగిస్తే భూమికి వచ్చే త్వరణం దశాంశ బిందువు తర్వాత 22 సున్నాలు పెట్టి ఆ తర్వాత 98. సున్నా కాదు, కొలవగలిగే పరికరం మాత్రం ఎవరి దగ్గరా లేదు. ఎద్దు తన్నుడుకూ ఇదే లెక్క. ఎద్దు ఆగేటప్పుడు నేలను ముందుకు తంతుంది కాబట్టి ఆ కాస్తా సరిపోతుంది.

సెలవు రోజు ఒక పని చేయించండి. స్ప్రింగ్ కాంటాలు, కొక్కెం ఉండి వేలాడదీసేవి, కూరగాయల వాళ్ల దగ్గర చూసి ఉంటారు, రెండు సంపాదించండి. కొక్కేనికి కొక్కెం తగిలించి ఇద్దరు పిల్లలతో చెరో వైపు లాగించండి. ముందు ఇద్దరూ లాగాలి. తర్వాత ఒకరే లాగాలి, రెండోవాళ్లు ఊరికే పట్టుకోవాలి. చివరికి రెండో కాంటాను కిటికీ చువ్వకు కట్టేయండి. ప్రతిసారీ రెండు కాంటాలూ ఎంత చూపిస్తున్నాయో పాపతోనే రాయించండి.

రాత్రి_షిఫ్ట్

ఒక జాగ్రత్త. ఆ కాంటాలు నిలువుగా వేలాడదీసి సున్నా సరిచేసినవి. అడ్డంగా పడుకోబెడితే కొక్కెం బరువు స్ప్రింగ్ మీద ఉండదు కాబట్టి ముల్లు సున్నాకు కొంచెం ఇవతల ఆగుతుంది. అడ్డంగా పెట్టాక మళ్లీ సున్నా సరిచేయండి. లేకపోతే రెండింటికీ తేడా వచ్చి న్యూటన్ తప్పు అని తీర్పు వస్తుంది.

ఇంకా పీకాలంటే, కాంటాలు కదులుతూ వేగం పెంచుకుంటుంటే రెండూ అచ్చం ఒకటే చూపవు, కాంటాకు కూడా సొంత ద్రవ్యరాశి ఉంది కదా. 200 గ్రాముల కాంటాకు సెకను సెకనుకు ఒక మీటరు త్వరణం ఇచ్చినా తేడా 20 గ్రాముల బరువంత. పది కిలోల కాంటా మీద అది కంటికి ఆనదు.

జీరో_మార్కులు

రాత్రి షిఫ్ట్ అన్న పగలు ఏం చేస్తడో తెల్సుకోవాలని ఉంది.

హన్మకొండ_అమ్మ

ఆదివారం చేశాం. ఒక కాంటా కొన్నా, ఒకటి మా వీధిలో కూరగాయలమ్మే అవ్వ దగ్గర తెచ్చా. అవ్వ "దేనికి బిడ్డా" అంటే చెప్పడానికి తల ప్రాణం తోకకొచ్చింది. సున్నా సరిచేయకుండా మొదలుపెట్టారు, నిజంగానే తేడా వచ్చింది. సరిచేశాక పాప, తమ్ముడు చెరో వైపు లాగితే రెండూ 4 కిలోల దగ్గర. తమ్ముడు ఊరికే పట్టుకుంటే కూడా రెండూ ఒకటే. తమ్ముడు "నేను లాగట్లేదు" అని ప్రమాణం చేస్తున్నాడు, వాడి కాంటా 3 కిలోలు చూపిస్తోంది. కిటికీ చువ్వకు కట్టినప్పుడు పాప కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "అంటే చువ్వ కూడా లాగుతోందా" అంది.

చక్రాల కుర్చీలో తమ్ముణ్ణి కూర్చోబెట్టి లాగుతూ పరుగెత్తించింది కూడా. ముల్లు ఊగుతూనే ఉంది కానీ రెండు కాంటాలూ కలిసే ఊగాయి. తర్వాత కుర్చీ తలుపుకు తగిలింది, ఆ ప్రయోగం అక్కడితో సమాప్తం.

ఇప్పుడు నా అసలు టెన్షన్. నోట్సులో ఉన్నది తప్పని సార్‌కు చెప్పాలా వద్దా? శనివారం పేరెంట్స్ మీటింగ్ ఉంది. సార్ మంచివాడే, కానీ నలుగురిలో చెప్తే బాగుండదు. చెప్పకపోతే క్లాసు మొత్తం అదే రాస్తుంది.

ఇంటర్_మాస్టారు

వదిలేయండి. పాపకు అర్థమైంది కదా, చాలు. టీచర్‌కు పాఠం చెప్పబోతే రేపు ఇంటర్నల్ మార్కుల దగ్గర ఇబ్బంది.

పీఈటీ_జనగామ

వదిలేయడం ఏంటి మాస్టారూ. మిగతా పిల్లల సంగతి?

ములుగు_సైన్స్

తప్పు అనే మాట వాడకండి. రోజుకు ఆరు పీరియడ్లు చెప్పే మనిషి, హడావిడిలో నోరు జారి ఉంటాడు. మీటింగ్ అయ్యాక అందరూ వెళ్లిపోయే టైంలో పాప చేత రెండు బొమ్మలు, బండి ఒకటి, ఎద్దు ఒకటి, చూపించి "సర్, ఎద్దు మీద ముందుకు ఉన్న బాణం ఎవరిది, నేను నేల అని రాశాను, కరెక్టేనా?" అని డౌట్‌గా అడిగించండి. ఆ ఒక్క బాణం చూస్తే సైన్స్ చదివిన ఎవరికైనా వెలుగుతుంది. నోట్సు ఆయనే మార్పిస్తాడు. కాంటాల సంగతి కూడా చెప్పమనండి, స్కూల్ ల్యాబ్‌లో అవి ఉండే ఉంటాయి.

కాజీపేట_గూడ్స్

ఇదే బెస్ట్. మా దగ్గర కూడా సీనియర్‌కు సిగ్నల్ కనపడలేదని చెప్పం, "సార్, సిగ్నల్ ఏ రంగు?" అని అడుగుతాం.

నర్సంపేట_మక్క

సార్ ఏమన్నడో ఇక్కడ రాయి అక్కా. నేను కూడా మా బిడ్డ నోట్సు తీసి చూస్త.

హన్మకొండ_అమ్మ

బొమ్మలు ఫైల్లో పెట్టేసుకుంది. ఎద్దుకు కొమ్ములు, మెడలో గంట కూడా వేసింది, బాణాల కన్నా వాటికే ఎక్కువ టైం పట్టింది. "నేను అడుగుతా, నువ్వు మధ్యలో మాట్లాడకు" అని నాకు వార్నింగ్. కాంటా అవ్వకు ఇచ్చేశాం.

జీరో_మార్కులు

టేబుల్ మీద పుస్తకం గురించి మాత్రం ఆ రోజు అడగొద్దని చెప్పండి. మీటింగ్ ఆదివారం దాకా పోతది.